టపా సంచికి చుట్టపు ముడి

ఆ శుక్రవారం పొద్దున షామీర్‌పేటలో, చెరువు కట్ట కింద ఉన్న ఈదమ్మ ఇంట్లో ఉన్నవాళ్ళు వీరు.

వాకిట్లో వల ముందేసుకుని కూర్చున్న ఈదమ్మ. ఎడ్లకు కుడితి పెడుతున్న ఆమె కొడుకు గండయ్య. అతను మేడ్చల్ స్టేషన్‌కు టపా బండి తోలుతాడు. పొయ్యి దగ్గర రొట్టెలు కొడుతున్న కోడలు సత్తమ్మ. పక్క గదిలో అద్దెకుండే లక్ష్మీకాంతమ్మ, అద్దం ముందు పౌడర్ అద్దుకుంటూ. దండెం కింద టీకాల నర్సు సైదా, మందుల పెట్టె సర్దుకుంటూ.

ఈ ఐదుగురిలో ఇద్దరు గూఢచారులు. ఒకరు సర్కారు మనిషి. ఇంకొకరు శత్రువు మనిషి.

నర్సు సైదా అసలు పేరు హజీరా. ఆమె పెట్టెలో పైన టీకా మందు, అడుగున వైర్‌లెస్ సెట్టు ఉన్నాయి. స్టెతస్కోపు చెవులకు పెట్టుకుంటే గుండె చప్పుడు వినబడదు, హెడ్ ఆఫీసు వినబడుతుంది. ఇందాకే వినబడింది. ఆర్డర్ చిన్నది.

"ఈ రోజు గండయ్యను పట్టుకో. పారిపోతే కాల్చు."

హజీరా పెట్టె మూసింది. సత్తమ్మ వచ్చి ఆమె పళ్ళెంలో ఇంకో జొన్నరొట్టె వేసింది.

"చాలు సత్తమ్మా."

"తిను అక్కా. ఎండల బోతున్నవ్. మేడ్చల్‌ల నీకు ఎవరు పెడ్తరు?"

హజీరా ఆ రొట్టె తిన్నది. ఒక్కో ముక్కా నీళ్ళు తాగి దింపింది.

కథ రెండు నెలల కిందట మొదలైంది. అది 1943వ సంవత్సరం. సికింద్రాబాద్‌లో ఒక గడియారాల దుకాణం వెనక గది. బయట గడియారాలు కొట్టుకుంటుంటే లోపల మాటలు ఎవరికీ వినబడవు. అందుకే ఆ గదిని ఎంచుకున్నారు. చీఫ్ తాజుద్దీన్ సాహెబ్ నోట్లో లవంగం పెట్టుకుని మాట్లాడతాడు. మాటలు కూడా లవంగాల్లాగే ఉంటాయి. చిన్నవి, ఘాటైనవి.

"షామీర్‌పేట అవతల అడవిలో మిలిటరీ క్యాంపు ఉంది. దాని టపా సంచి ప్రతి శుక్రవారం ఎద్దుబండి మీద మేడ్చల్ స్టేషన్‌కు వస్తుంది. అక్కడి నుంచి రైల్లో ఇక్కడికి. దారిలో సంచులు తప్పిపోతున్నాయి."

"ఎలా సర్?"

"సంచి మెడకు ఏ ఊరి పేరుంటే కూలీలు ఆ ఊరి రైల్లో వేస్తారు. ఎవరో పేరు మారుస్తున్నారు. సికింద్రాబాద్ సంచి ఎదురు దిక్కున ఇందూరు పోతోంది. అక్కడ ముఠా దాన్ని ఖాళీ చేసి వదిలేస్తోంది."

"లేబుల్?"

"కాగితం. తడిపి ఊడదీస్తారు."

"సీలు?"

"లక్క. కరిగించి మళ్ళీ పోస్తారు. ముఠా చాలా తెలివైంది. శత్రువు చేతిలో ఉన్న రంగూన్ నుంచి రేడియోలో ఆజ్ఞలు వస్తాయి. ఇక్కడి ఏజెంటు పేరు సారంగి. మొహం ఎవరికీ తెలియదు."

"నా పని?"

"కొత్త బిళ్ళ తయారు చెయ్. యుద్ధం వచ్చింది, కాగితం లేదు, ఇత్తడి లేదు. ఉన్నదానితోనే చెయ్. ఒకసారి చేసింది ఏళ్ళ తరబడి వాడాలి. ఎవరు మార్చినా తెలిసిపోవాలి. బండి తోలేవాడి ఇంట్లోనే ఉండు. అక్కడ మన మనిషి ఇంకొకరు కలుస్తారు. కోడ్ గుర్తుందా?"

"షామీర్‌పేట చేపలకు ముళ్ళెక్కువ."

"జవాబు?"

"తినేవాళ్ళకు ఓపిక తక్కువ."

"జావ్."

బిళ్ళ తేలికగానే వచ్చింది. చింత చెక్క అయితే పగలదు. సికింద్రాబాద్‌కు గుండ్రం, ఇందూరుకు చదరం. చదువు రాని కూలీ కూడా చేత్తో తడిమి చెప్పగలడు. సంచి చేరాక బిళ్ళ విప్పి తిరుగు రైల్లో మేడ్చల్ పంపితే, అక్కడ గండయ్య బుట్టలో వేస్తారు. అది వెనక్కు వచ్చి షామీర్‌పేట టపా ఆఫీసు గోడకు, తన మేకుకే వేలాడాలి. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా గంట మోగినట్టే.

తాడే కష్టమైంది. ఏ తాడునైనా కోసి ఇంకో తాడు కట్టవచ్చు. మరి దొంగ కట్టలేని ముడి ఎక్కడుంది?

అది ఈదమ్మ చేతుల్లో ఉంది.

చెరువులో అందరి వలలూ ఒకేలా ఉంటాయి. కానీ ప్రతి వల కొసన ఒక ముడి ఉంటుంది. అది ఇంటి ముడి. ఒక్కో ఇంటికి ఒక్కో రకం. కొట్టుకుపోయిన వల దొరికితే ముడి చూసి ఎవరిదో చెబుతారు. తగాదా వస్తే పెద్దల ముందు ముడి కట్టి చూపినవాడిదే మాట.

మందుల పెట్టెకు కట్టుకుంటానని హజీరా అడిగితే ఈదమ్మ వెంటనే నేర్పింది. లక్ష్మీకాంతమ్మ తన గ్రామఫోన్ పెట్టె కోసం అడిగినప్పుడూ నేర్పింది. అడిగిన వాళ్ళకు కాదనడం ఆ ఇంట్లో లేదు.

లక్ష్మీకాంతమ్మ గురించి చెప్పాలి. ఆమె రేడియోలో పాడుతుందట. చెరువు గాలి గొంతుకు మంచిదని వచ్చిందట. పట్టు రవికె, వంకీల జుట్టు, ఎండలో నల్లకళ్ళద్దాలు. ఆమె నడిచి వస్తుంటే గండయ్య ఎడ్లు కూడా నెమరు ఆపేవి. మొదటి రోజే హజీరా పక్కన కూర్చుని నెమ్మదిగా అన్నది, "షామీర్‌పేట చేపలకు ముళ్ళెక్కువ."

"తినేవాళ్ళకు ఓపిక తక్కువ" అన్నది హజీరా. మన మనిషే అనుకుని నిశ్చింతగా ఉంది.

తర్వాత ఒక రోజు హజీరా చెరువు గట్టున జారింది. పెట్టె నీళ్ళలో పడింది, అదృష్టం కొద్దీ వైర్‌లెస్ ఆ రోజు ఇంట్లోనే ఉంది. పైకి తీసేసరికి ఈదమ్మ నేర్పిన ముడి దానంతట అదే విడిపోయి ఉంది. తడిసిన బట్టలతో ఇంటికొస్తే ఈదమ్మ పడి పడి నవ్వింది. ఎందుకు నవ్విందో మాత్రం చెప్పలేదు.

ఆ నెలలోనే సత్తమ్మకు అమ్మవారు పోసింది. చుట్టుపక్కల వాళ్ళు గడప తొక్కలేదు. హజీరా మంచం పక్కనే ఉండి వేపాకు విసిరింది, గంజి తాగించింది, పుళ్ళు తుడిచింది. అది నటన కాదు. సత్తమ్మ లేచి కూర్చున్న రోజున ఈదమ్మ హజీరాను వల ముందు కూర్చోబెట్టుకుంది.

"బిడ్డా, ముందుగాల నీకు నేర్పింది చుట్టపు ముడి. చుట్టాలు అడుగుతరు. కాదంటే మనసు నొచ్చుకుంటరు. ఇస్తే ఇల్లు బజార్ల పడ్తది. గందుకే మా అత్త ఒక మెలిక ఎదురు తిప్పి ఇచ్చేది. సూస్తే రెండూ ఒక్కటే. నీళ్ళు తాకితే అసలుది బిగుస్తది, చుట్టపుది ఇడుస్తది."

"అవ్వా, మరి నాకెందుకు చెబుతున్నావు?"

"ఇగ నువ్వు చుట్టానివి కావు. ఇటు సూడు." ఈదమ్మ ఆమె వేళ్ళు పట్టుకుని అసలు ముడి వేయించింది. "బయట కట్టకు. ఎవ్వలకు జెప్పకు. గంతే."

"చెప్పను" అన్నది హజీరా.

ఆ వారమే ఆమె వైర్‌లెస్ తీసి ఆఫీసుకు చెప్పింది. ముడి దొరికింది, దీన్ని ఎవరూ అనుకరించలేరు, ఈ ఇంటివాళ్ళకు తప్ప ఎవరికీ రాదు అని. చుట్టపు ముడి సంగతి మాత్రం చెప్పలేదు. సగం మాటైనా నిలబెట్టుకున్నాను అనుకుంది. సగం మాట అనేది ఉండదని ఆమెకు తెలుసు. అయినా అనుకుంది.

క్యాంపు మేజర్‌కు ముడి నేర్పింది. సంచి మెడకు బిళ్ళ, ముడి మీద గుండీ పెట్టిన తోలు మూత. మూత దుమ్ము పడకుండా అని చెప్పింది. నిజానికి ఆ మూత గండయ్య కళ్ళ కోసం. తన ఇంటి ముడి తన బండిలోనే పోతోందని అతను చూడకూడదు. గండయ్య ఎన్నడూ మూత తీయలేదు. సర్కారు మూట మనకెందుకు అనేవాడు.

కొత్త బిళ్ళ కట్టినా పోయిన శుక్రవారం సంచి మళ్ళీ ఇందూరు పోయింది. ఖాళీ సంచి మెడకు చదరం బిళ్ళ. మూత కింద ముడి సరిగ్గా ఉంది. గుండ్రటి బిళ్ళ ఎప్పటిలా షామీర్‌పేటలో తన మేకుకు వేలాడుతోంది.

తాజుద్దీన్ సాహెబ్ గొంతు స్టెతస్కోపులో పలికింది. "ముడి ఆ ఇంటిది. నువ్వే చెప్పావు. దొంగ ఆ ఇంటివాడే. వచ్చే శుక్రవారం సంచిలో బాంబును పేల్చే కొత్త ఫ్యూజు నమూనా వస్తుంది. అది రంగూన్ చేరితే మన బాంబులు మన మీదే పేలతాయి."

ఇవన్నీ తలుచుకుంటూ హజీరా బండెక్కింది.

"అమ్మా, పొయ్యొస్త" అన్నాడు గండయ్య.

"జల్దీ రా. చెర్లకు బోవాలె" అన్నది ఈదమ్మ. తర్వాత హజీరా వైపు చూసింది. "వాడు ఎడ్లను ఉరికిస్తడు. జర జెప్పు బిడ్డా."

క్యాంపు గేటు దగ్గర సంచి ఎక్కింది. గుండ్రటి బిళ్ళ, మూత, గుండీ. హజీరా కళ్ళారా చూసుకుంది. ప్రతి శుక్రవారంలాగే రేడియోలో పాడటానికి బయల్దేరిన లక్ష్మీకాంతమ్మ గ్రామఫోన్ పెట్టె పక్కన పెట్టుకుని సంచికి ఆనుకుని కూర్చుంది.

"గండయ్యా, ఇది బండా, ఉయ్యాలా? నా నడుము పోయింది" అన్నది.

"మీ నడుముకేం గాదు దొరసానీ. మా ఎడ్లే మీ పౌడరు వాసనకు పరేషానైతున్నయ్."

హజీరాకు నవ్వొచ్చింది. వెంటనే నడుముకు కట్టుకున్న పిస్తోలు చల్లగా తగిలి నవ్వు ఆగిపోయింది.

వాగు దగ్గర గండయ్య బండి విప్పి ఎడ్లను నీళ్ళకు తోలుకుపోయాడు. హజీరా అతని వెంటే దిగింది. ఆర్డర్ అది. అతని చేతులు చూస్తూ నిలబడింది. ఆ చేతులు ఎడ్ల వీపు మీద నీళ్ళు చల్లాయి, అంతే. బండి వైపు ఆమె తిరిగి చూడలేదు. అక్కడ మన మనిషి ఉంది కదా.

మేడ్చల్ స్టేషన్. రెండు రైళ్ళు ఎదురెదురుగా ఆగి ఉన్నాయి. ఒకటి సికింద్రాబాద్‌కు, ఒకటి ఇందూరుకు. ప్లాట్‌ఫారం మీద చేపల గంపలు, మామిడికాయల బుట్టలు, బీడీ పొగ. ఈదమ్మ పక్కింటి గౌరయ్య చేపల గంప దగ్గర కూర్చుని ఉన్నాడు. అదే చెరువు మనిషి. ఈదమ్మ కుటుంబానికీ అతనికీ వల తగాదాలు పాతవి.

కూలీ సంచి అందుకున్నాడు. మెడ తడిమాడు. నేరుగా ఇందూరు రైలు వైపు నడిచాడు.

హజీరా రెండడుగులు ముందుకు వేసి చూసింది. సంచి మెడకు చదరం బిళ్ళ ఉంది.

అదే క్షణంలో తాజుద్దీన్ సాహెబ్ మారువేషంలో పంపిన ఇన్‌స్పెక్టర్ జలాల్ తలపాగా విసిరేసి గండయ్య మీద పడ్డాడు. చేతులకు బేడీలు వేశాడు.

"అరె, ఏంది సాబ్! నేనేం జేసిన?"

"ఏం చేశావా? చూపిస్తా." జలాల్ కూలీని ఆపి తోలు మూత గుండీ ఊడదీశాడు. "ఈ ముడి ఎవరిది?"

గండయ్య వంగి చూశాడు. సర్కారు సంచి మెడకు తన ఇంటి ముడి. నెమ్మదిగా తలెత్తి హజీరాను చూశాడు. అంతా అర్థమైంది. కోపం కూడా రాలేదు ఆ కళ్ళలోకి. అదే హజీరాకు భరించరానిదైంది.

"మీ ఇంటిదేనా?"

"మా ఇంటిదే."

"నువ్వే కట్టావా?"

నీళ్ళు పోసి చూడండి సాబ్ అని గండయ్య అంటే చాలు. చుట్టూ చెరువు మనుషులున్నారు. గౌరయ్య ఉన్నాడు. అలా అంటే ఇంటి గుట్టు పోతుంది. గండయ్య నోరు కట్టేసుకుని ఉరికంబానికైనా సిద్ధపడి నిలబడ్డాడు.

ఇందూరు రైలు కూత వేసింది. గార్డు పచ్చజెండా విప్పాడు.

"ఆగండి!" హజీరా అరిచింది. ఆమె ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. "ఇన్‌స్పెక్టర్, ఆ ముడి ఆ ఇంటిది కాదు."

"హజీరా, నువ్వే కదా చెప్పింది ఆ ఇంటిదని!"

"సగమే చెప్పాను."

నీళ్ళ భిస్తీ తోలుతిత్తి భుజాన వేసుకుని పోతున్నాడు. హజీరా ఆ తిత్తి లాక్కుంది.

"అక్కా, వద్దు" అన్నాడు గండయ్య, బేడీలతోనే ముందుకొచ్చి. "నీకు దండం బెడ్త. నన్ను కొంచవోనీ. గది మాత్రం జెప్పకు."

హజీరా చెప్పింది. అందరి ముందూ చెప్పింది. ఇంటివాళ్ళకో ముడి, చుట్టాలకో ముడి. నీళ్ళు తాకితే ఒకటి బిగుస్తుంది, ఇంకొకటి విడుస్తుంది. చెబుతూనే తిత్తి మూతి విప్పి సంచి మెడ మీద నీళ్ళు పోసింది. తాడు ఉబ్బింది. ఒక మెలిక పాము ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది. ముడి దానంతట అదే విడిపోయి చదరం బిళ్ళ టప్పుమని కింద పడింది.

గౌరయ్య గంప దగ్గర నుంచి లేచి పెద్దగా నవ్వాడు. "ఓరి మీ ఇల్లు జల్ల! మా తాతకు నేర్పింది గిదేనా! యాభై ఏండ్ల సంది పిస్సోళ్ళను జేసిండ్రు గదరా మమ్ములను!"

జలాల్ ఒప్పుకోలేదు. "తప్పించుకోవడానికి వీడే దొంగ ముడి కట్టి ఉండొచ్చు."

"గుండ్రటి బిళ్ళ ఎక్కడుంది?" అన్నది హజీరా. "దాన్ని పారేయలేరు. అది మళ్ళీ తన మేకుకు వేలాడాలి. కోసినవాళ్ళ దగ్గరే ఉండాలి. వీడి ఒళ్ళు వెతకండి."

వెతికారు. గండయ్య దగ్గర బీడీకట్ట తప్ప ఏమీ లేదు.

హజీరా తిరిగింది. లక్ష్మీకాంతమ్మ గ్రామఫోన్ పెట్టె పట్టుకుని సికింద్రాబాద్ రైలు వైపు నడుస్తోంది. తొందరగా కాదు. అందంగా.

"అక్కా! షామీర్‌పేట చేపలకు ముళ్ళెక్కువ!"

లక్ష్మీకాంతమ్మ వెనక్కు తిరిగి చిరునవ్వు నవ్వింది. "తినేవాళ్ళకు..."

హజీరా తిత్తిలో మిగిలిన నీళ్ళు ఆ పెట్టె మీద కుమ్మరించింది. పెట్టెకు కట్టిన చుట్టపు ముడి విడిపోయింది. మూత తెరుచుకుంది. రికార్డుల మధ్య నుంచి గుండ్రటి చింత బిళ్ళ దొర్లుకుంటూ వచ్చి హజీరా కాళ్ళ దగ్గర పడింది. దానికి కోసిన తాడు ముక్క ఉంది. తాడుకు అసలు ముడి ఉంది. నీళ్ళు తగిలి ఇంకా బిగుసుకుంది.

"సారంగి!" అన్నాడు జలాల్.

సారంగి నల్లకళ్ళద్దాలు తీసింది. అద్దాల కాడ లాగితే అది చిన్న పిస్తోలు. గురి గండయ్య గుండె మీద ఉంది. "ఫ్యూజు ఇలా ఇవ్వు సైదా. లేకపోతే నీ అవ్వకు కొడుకు ఉండడు."

అప్పటికే హజీరా కొంగు చాటు నుంచి టీకా సూది తీసింది. అందులో ఉన్నది టీకా మందు కాదు, మత్తు మందు. ఆమె ఒక్క ఉదుటున సారంగి మోచేతిలో గుచ్చింది. పిస్తోలు ఆకాశంలోకి పేలింది. సారంగి పౌడరు చెదరకుండా ప్లాట్‌ఫారం మీద నిద్రపోయింది.

ఈ గందరగోళంలో కూలీ తన డ్యూటీ తాను చేశాడు. సంచిని, ఊడిపోయిన బిళ్ళ చెప్పిన రైల్లోనే విసిరాడు. ఇందూరు రైలు కదిలింది. హజీరా పరుగెత్తింది. చివరి పెట్టె ప్లాట్‌ఫారం దాటుతుండగా సంచి చెవి పట్టి లాగింది. సంచీ ఆమే కలిసి కంకర మీద పడ్డారు. ఫ్యూజు లోపలే ఉంది.

జలాల్ స్టేషన్ ఫోన్‌లో తాజుద్దీన్ సాహెబ్‌ను కలిపాడు.

"షాబాష్" అన్నాడు చీఫ్. "సారంగి మన కోడ్ మన దగ్గరే కొన్నది. ఆ సంగతి నేను చూసుకుంటా. నీ బిళ్ళకు మంజూరీ వచ్చింది. రేపటి నుంచి ప్రతి టపా సంచికీ అదే ముడి. నీళ్ళ పరీక్ష కూడా రూల్‌లో పెడతాం. అద్భుతం!"

"సర్, ఆ ముడి వాడకుండా..."

లైన్ కట్ అయింది.

తిరుగు దారిలో గండయ్య ఎడ్లను ఉరికించలేదు. వాగు దాటాక ఒక్కసారి మాట్లాడాడు.

"నా పాణం కాపాడినవ్ అక్కా. గది మర్వ. గాని అమ్మకు ఏం జెప్పాలె?"

చెప్పే అవసరం రాలేదు. గౌరయ్య చేపల గంప మోటారు బస్సులో వేసుకుని ముందే వచ్చేశాడు.

ఈదమ్మ ఇంటి వాకిట్లో వలలన్నీ పరిచి ఉన్నాయి. ఈదమ్మ, సత్తమ్మ చెరో పక్క కూర్చుని ప్రతి వల కొసనా ఉన్న ముడి విప్పుతున్నారు. గోరుతో, పంటితో విప్పుతున్నారు. తరాల నాటి ముడులు. విప్పిన తాళ్ళు ఒంకర్లు పోయి నేల మీద పడి ఉన్నాయి.

ఈదమ్మ కొడుకును చూసి లేచింది. అతని మణికట్ల మీద బేడీల గుర్తులు తడిమింది. అతన్ని లోపలికి పంపింది. సత్తమ్మ హజీరా వైపు ఒకసారి చూసి, తల దించుకుని మొగుడి వెంట పోయింది.

"అవ్వా..." అన్నది హజీరా.

"కొడుకును కాపాడినవట."

"ప్రమాదంలో పడేసింది కూడా నేనే అవ్వా. ముడి నేనే ఇచ్చాను. నువ్వు నేర్పిన వారమే ఇచ్చాను."

"ఎరికే." ఈదమ్మ గొంతులో అరుపు లేదు. "గౌరయ్య వాకిట్ల నిలవడి నవ్విపోయిండు. ఇగ మా వల ఎవలన్నా ఎత్కపోతే పెద్దల ముందల ఏం జూపాలె? సర్కారు సంచి జూపాల్నా?"

హజీరా కింద పడి ఉన్న తాడు ఒకటి తీయబోతే ఈదమ్మ దాన్ని పక్కకు లాగేసుకుంది.

"కోడలి పుండ్లు తుడిసినవ్. గది గూడ ముడి కోసమేనా?"

"కాదు. అదొక్కటి కాదు అవ్వా."

ఈదమ్మ ఆమె మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు.

"నీ పేరు సైదా గాదంట."

"హజీరా."

"మంచి పేరే" అన్నది ఈదమ్మ. లోపలికి నడిచి తలుపు వేసింది.

ఆ తలుపుకు గడియ లేదు. లోపలి నుంచి తాడు కట్టుకుంటారు. రెండు రెక్కల మధ్య సందులోంచి ఈదమ్మ వేళ్ళు కనబడుతున్నాయి. ఆ వేళ్ళు నెమ్మదిగా, హజీరాకు కనబడేలా, తాడును ఒక చుట్టు తిప్పాయి, రెండో చుట్టు తిప్పాయి. చివర ఒక మెలిక ఎదురు తిప్పాయి.

అది చుట్టపు ముడి. చెంబెడు నీళ్ళు పోస్తే విడిపోతుంది. నిండు బిందె గడప పక్కనే ఉంది. సర్కారు వారి అత్యుత్తమ ఏజెంటు దాన్ని ముట్టుకోలేకపోయింది.